కొండ కుంపట్లు

శరదృతువు ముగియవచ్చుచుండెను. సిసిలీ ద్వీపమున ఎట్నా యను నగ్నిపర్వతము యొక్క యుత్తరపు వాలున, పగలెల్ల నిప్పులు చెఱిగిన సూర్యుడు కొండమూపు వెనుకకు జాఱుటయే తడవుగా గాలి తడిబట్టవలె చల్లనై, యుగములుగా పర్వతము గ్రక్కిన బూడిదయే మన్నయిన ద్రాక్షతోటలపైకి దిగుచుండెను. ఆ యెండకును ఆ చలికిని నడుమనే యచటి పండునకు రుచి పుట్టును.

ఏబదియేండ్ల రైతు సరో తన తోటలో నొక పండు కొఱికి యుమిసెను. పుల్లన. మూడు దినములలో వాన తప్పదని శిఖరముపై మబ్బు చెప్పుచుండెను. తడిసిన గుత్తి కుళ్లును. కోసిన గుత్తి మఱి పండదు. ఏడాది కష్టమెల్ల ఆ మూడు దినముల మీద నిలిచెను.

అతని బాల్యమున లావా పొంగి తండ్రి యింటిని మ్రింగినది. తోట చేతికి వచ్చినది మొదలు మూడు వేసవులు తీగెల మొదళ్లనుండి లావా గడ్డకట్టిన నల్లరాళ్లను బుట్టలతో మోసి గట్టున కవతల పాఱవైచెను. నేలను శుభ్రపఱచుచుంటినని యనుకొనెనే కాని పగ దీర్చుకొనుచుంటినని యెన్నడు ననుకొనలేదు. నడుము పట్టివేయుటచే దిగువ నాలుగు సాళ్లలో మాత్రము రాళ్లు మిగిలెను.

ఆ సాళ్లనుండి భార్య వెనేరా పిలిచెను.

"సరో! ఇటు వచ్చి దీనిని దినుము."

"అదే తీగె, అదే మన్ను. ఏమి తినుదును?"

"నోరు మూసికొని తినుము. కాదు, తెఱచియే తినుము."

తియ్యన! గింజ సైతము పండి గోధుమవన్నె దేలియుండెను. వెనేరా యతని యఱచేతిని లాగి తీగె మొదట నున్న రాతిపై నుంచెను. ప్రొద్దు గ్రుంకి గడియ దాటినను రాయి వెచ్చగా నుండెను.

"మా అమ్మమ్మ వీనిని కొండ కుంపట్లనెడిది. నీవు కుంపట్లన్నియు నార్పి పండు పుల్లనని యేడ్చుచున్నావు."

"ముందే చెప్పకపోతివేమి?"

"రాయి పేరెత్తిన రెండు దినములు మాటలాడవు. ఎట్లు చెప్పుదును?"

సరో రాతిపై నుంచిన చేతిని తీయలేదు.

నాలుగు సాళ్ల పండు రసము త్రొక్కెడు తొట్టి కెక్కెను. ఎగువ ముప్పది సాళ్లు వానపాలయ్యెను. వాన వెలిసి యెండ కాసిన నాటి సాయంకాలము సరో గట్టు దాటి తాను పాఱవైచిన రాళ్ల గుట్టయొద్ద చాలసేపు నిలిచి, పిదప నొక్కొక్కటిగా బుట్టకెత్తి వీపునకు దగిలించుకొనెను. తండ్రి యింటిపై గూర్చున్నది యిట్టి రాయియే. మోసినంతమాత్రమున ఆ యిల్లు తిరిగి రాదు. అయినను వంగి నడచుచుండగా అంగీగుండ ఆ రాళ్ల వెచ్చదనము నొచ్చిన నడుమునకు సోకుటచే, అతడు బుట్టను దింపక ఎగువ సాళ్లలోని మొదటి తీగె వఱకు నడిచెను.