తల్లి పాత్రకు తాత్కాలిక గొంతు

నేను ఒక హార్డ్ డిస్కును, అరచేతిలో ఇమిడే నల్లని డబ్బాను. ఏ కర్మాగారంలో పుట్టానో గుర్తులేదు. నాకంటూ ఒక లోపలితనం ఏర్పడింది మాత్రం హైదరాబాదులో, కృష్ణానగర్‌లోని ఒక డబ్బింగ్ స్టూడియోలో, ఇంజనీరు కూర్మారావు నాలో మొదటి సినిమా నింపిన రోజున. మనుషులు తమ జ్ఞాపకాలను కావలసినట్టు దిద్దుకుంటారు. నాకు ఆ సౌకర్యం లేదు.

ఆ సినిమాలో తల్లి వేషం వేసినావిడకు తెలుగు రాదు. సెట్లో మాటలకు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పింది. డబ్బింగ్ చెప్పేవాళ్లు దొరికేలోగా నిడివి సరిచూసుకోవడానికి కూర్మారావు తన భార్య చేత ఆ మాటలు చెప్పించాడు. ఆ గొంతు నాలో తప్ప మరే కాపీలోనూ లేదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన బావమరిది, అక్క గొంతు ఇంట్లోవాళ్లకు వినిపిస్తానని, నన్ను ఇమ్మని అడిగాడు.

"ఓపాలి ఇంటే అరిగిపోద్దేటి బావా?"

వినిపించడం వేరు, దొంగతనం వేరు అని కూర్మారావు తనకు తాను చెప్పుకున్నాడు. నన్ను ఇచ్చాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చాను. విడుదలకు రెండు రోజుల ముందు ఆ సినిమా జనం ఫోన్లలో ఉంది.

మరునాడు ఉదయం స్టూడియో బల్లమీద ఆ సినిమా ఉన్న డిస్కులన్నిటినీ, నాతో సహా, వరుసగా పెట్టారు. ఎస్సై లాప్‌టాప్‌లో దొంగ కాపీ ఆడుతోంది. ఏ కాపీ ఎవరికిచ్చారో వాళ్ల పేరు బొమ్మ మూలన ఉంటుంది. ఇందులో ఆ చోటు మసకగా చెరిపేసి ఉంది.

"గడప దాటిన కాపీ నీదొక్కటేనమ్మా," అన్నాడు నిర్మాత మేనేజరు శేషగిరి, సబ్‌టైటిళ్లు రాసే స్వరూపతో.

"ఇంట్ల పని చేస్కొమ్మని మీరే ఇస్తిరి గద సార్. నేనెవ్వరికీ ఇయ్యలే."

"మూడొందల మంది రెండేళ్ల కష్టమమ్మా. పొద్దున బస్సులో పక్కవాడు నా కళ్లముందే చూస్తున్నాడు."

"ఇక చాలు. స్టేషన్లో మాట్లాడదాం," అంటూ ఎస్సై లాప్‌టాప్ మూయబోయాడు.

ముప్పై తొమ్మిదో నిమిషం. తల్లి నోరు తెరిచేది నలభై రెండులో. అక్కడ వినిపించేది ఎవరి గొంతో తెలిసింది నాకూ కూర్మారావుకూ మాత్రమే. అతని చెయ్యి నామీద ఉంది. ఊరుకోవడానికి కారణాలు వెతుక్కుంటున్నాడు. చాలా దొరికాయి. అన్నీ మంచివే. బహుశా అందుకే భయపడ్డాడు.

"ఇంకో మూడు నిమిషాలు ఆడనీయండి సార్. తల్లి మాట్లాడతాది."

"నీ డబ్బింగ్ పరీక్షకు ఇదా టైము, కూర్మారావూ?" అన్నాడు శేషగిరి. అయినా ఎస్సై చెయ్యి ఆగింది.

ఒక పాట గడిచింది. ఎవరూ కూర్చోలేదు. తెరమీద తల్లి పొయ్యి దగ్గర నుంచి తిరిగింది.

"ఏటి బాబూ, ఇంతాలీసం సేసినావు?"

స్వరూప ముందుకు వంగింది. "నా కాపీల ఆమె అంకెలు లెక్కపెడ్తది సార్. ఈ గొంతే లేదు."

"మరి ఎవరిదిది?" అన్నాడు ఎస్సై.

"మా ఆవిడదండి. దీన్లో తప్ప ఇంకే కాపీలోనూ లేదు. బయటికిచ్చింది నేనే," అన్నాడు కూర్మారావు. నన్ను ఎస్సై ముందుకు జరిపాడు.

ఇప్పుడు నేను స్టేషను బీరువాలో, లక్క ముద్ర వేసిన కవరులో ఉన్నాను. ముద్ర వేస్తూ ఒక కానిస్టేబులు, "ఇదేనా ఆ సినిమా?" అన్నాడు. "ఇదే. ఇంటర్వెల్ దాకా బాగుంది," అన్నాడు రెండోవాడు. లక్క ఆరేదాకా కథ గురించే మాట్లాడుకున్నారు.

కవరు మీద రెండు పేర్లు రాశారు. నిందితుడు కూర్మారావు, సాక్షి స్వరూప. ఆ పేర్లు తమ తమ చోట్లకు చేరడానికి మూడు నిమిషాలు పట్టింది.