మా మిద్దె మీది పొట్టేలు

బక్రీదుకు వారం ముందు, ఇంట్లో ఉన్న ఏదో ఒక జీవి గొంతుతో పద్యం రాసుకొచ్చి, సెలవులిచ్చే రోజు పెద్దల ముందు చదవమని పిల్లలకు చెప్పిన పంతులుకి అసలు బుద్ధుందా? ఆ వారం మా ఊరు కైరవాన్‌లో ఏ మిద్దె చూసినా ఒక పొట్టేలు కట్టేసి ఉంటుంది. పిల్లలు ఇంకేం రాస్తారు? తరగతిలో ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్కరు "నేను పొట్టేలును" అని మొదలుపెట్టారు. మిగిలినవాడు బల్లినన్నాడు. వాడి సంగతి మనకొద్దు.

మా అమ్మాయి ఉమైమాకి తొమ్మిదేళ్ళు. పద్యం నాకు ముందే చూపించింది, అంతవరకు మెచ్చుకోవాలి.

"నేను పొట్టేలును.
ఈ ఇంటాయన సాయంత్రం పైకొస్తాడు.
గడ్డి వేస్తాడు, కొమ్ముల మధ్య గోకుతాడు.
నిన్ను కోయాలంటే భయంరా అంటాడు.
ఏటా భుజం నొప్పని అబద్ధమాడి కసాయిని పిలుస్తాడు.
పాపం, నేనే ఓదారుస్తాను."

నాది సెలూన్. రోజూ పది మంది గొంతుల మీద కత్తి ఆడిస్తాను. పొట్టేలు దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి రాదు. ఊరికి తెలిస్తే తెలియనీ, నాలుగు రోజులు నవ్వుకుంటారు. మా నాన్నకు తెలియకూడదు. మా నాన్న హాజీ తయ్యిబ్ నలభై ఏళ్ళు పండుగ పొట్టేలును తన చేత్తోనే కోశాడు. ఇది ఇంటి మగవాడి పని అని చెప్పి కత్తి నాకు అప్పగించాడు. అప్పట్నుంచీ ఏటా పండుగ ముందు నా భుజానికి ఆలివ్ నూనె కాచి రాస్తున్నాడు.

"ఇది చదవకమ్మా," అన్నాను.

"చదివేది నేను కాదు నాన్నా, పొట్టేలు."

"ఇంకోటి రాయమని దానికి చెప్పు."

"అది నా మాట వినదు."

"నేను పైన అన్నవి నీకెలా తెలుసే?"

"బట్టలు తీయడానికొచ్చాను. నువ్వు ఏడుస్తున్నావు."

"ఏడవలేదు. జలుబు."

"అయితే జలుబు కూడా రాయనా?"

ఇలా కాదని మా ఆవిడ ముఫీదా దగ్గరకు వెళ్ళాను.

"మీ భుజం సంగతి పెళ్ళయిన ఏడాదే తెలుసు," అంది గిన్నె తోముతూనే.

"సర్లే, నాన్నని బడికి రానీయకుండా చూడు."

"మనవరాలి పద్యమని ఆయన జుబ్బా ఇస్త్రీ చేయించుకున్నారు. అంత ధైర్యముంటే మీరే ఆపండి."

ధైర్యం సంగతి పద్యంలోనే ఉంది కదా. నేను ఆపలేదు.

సెలవులిచ్చే రోజు బడి ఆవరణలో నాన్న ముందు వరసలో నా పక్కనే కూర్చున్నాడు. ఇరవై పొట్టేళ్ళు వచ్చి వెళ్ళాయి. తర్వాత ఉమైమా వచ్చింది. ఒక్క ముక్క వదలకుండా చదివింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న అందరితో పాటే చప్పట్లు కొట్టాడు.

ఇంటికి నడుస్తూ మసీదు దాటాం. ఇక ఉండబట్టలేకపోయాను.

"తిట్టాలనుంటే తిట్టేయండి నాన్నా," అన్నాను.

"ఎందుకురా తిట్టడం? నేనూ మిద్దెక్కి చెప్పుకునేవాణ్ణి."

"ఏమని?"

"నువ్వు చెప్పుకున్నదే." చేతికర్ర మీద ఆనుకుని ఆగాడు. "నలభై పొట్టేళ్ళురా. వాటిల్లో ఒక్కటైనా నా మాట ఎవరికైనా చెప్పుంటే బాగుండేది."