దూలాలకు పట్టిన అంకెలు

రోజూ పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే మేస్త్రి భార్య చేసే మొదటి పని, దూలాలకు పట్టిన అంకెల్ని బూజుకర్రతో దులపడం. ముందురోజు కార్ల కొలతల్లో ఆయన మర్చిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. ఒకప్పుడు వారానికి ఒకటో రెండో రాలేవి. ఈమధ్య రోజూ చేట నిండుతోంది.

షెడ్డుకొచ్చేవాళ్లకి ఇది అలవాటే. పాత కారు తెచ్చిన పళ్ల డాక్టరమ్మ కూడా జుట్టులో చిక్కుకున్న ఏడును తీసి బల్లమీద పెట్టి, మాటల్లోకి దిగింది.

"మా నాన్న కారండీ. రెండొందల నలభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయండి. చూసినవాళ్ల కళ్లు చెదరాలి."

"కళ్లొక్కటే చెదిరితే పర్లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "చక్రం లోపలికి జరిగితే స్ప్రింగుకి రాసుకుంటుంది. బయటికొస్తే టైరుని మడ్‌గార్డు కోసేస్తుంది. వెడల్పు టైరుకి వెడల్పు రిమ్ము కావాలి, అదెక్కడ కూర్చోవాలో ముందు కొలవనీ."

పోయిన నెల ఆ కొలతే తప్పాడు. రిమ్ము అంచు మీద ఆనించాల్సిన బద్దను ఉబ్బిన టైరు మీద ఆనించాడు. కొత్త చక్రం లోపలికి జరిగి, ఎవరిదో టైరు నడిరోడ్డు మీద పగిలింది. మనుషులకేమీ కాలేదు. కానీ ఇంకొక్కటి తప్పితే షెడ్డు మూసేస్తానని భార్యతో అనేశాడు. అప్పట్నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు.

టైరు విప్పి, పాత రిమ్మును బోర్లించాడు. అంచుల మీద అడ్డంగా బద్ద పెట్టి, అక్కణ్ణుంచి బోల్టులు బిగించే చదును దాకా టేపు దించాడు. చూశాడు. పెన్సిలు అందుకునేలోగా అంకె ఎగిరిపోయింది. మళ్లీ కొలిచాడు, మళ్లీ పోయింది. మూడోసారీ అంతే.

పక్కనే ఉన్న భార్యతో సహా ముగ్గురూ పైకి చూశారు. దూలాలు ఖాళీ.

అంకె భార్య మణికట్టు మీద వాలి ఉంది. వెనకే పొద్దుటి చేటలోవి కూడా ఒక్కొక్కటే లేచి ఆమె భుజాల మీద సర్దుకున్నాయి. ఆమె ఈసారి దులపలేదు.

"పాతదాని లోతు మూడుముప్పావు అంగుళాలు," అంది. "కొత్త రిమ్ము అంగుళం వెడల్పెక్కువ. అటు అర, ఇటు అర. నాలుగుంపావు లోతుది తెప్పించండి. టైరు రెండొందల పదిహేను చాలు."

"కొంచెం లావుగా..." అని నసిగింది డాక్టరమ్మ.

"స్ప్రింగు పక్కన నా వేలు పట్టేంత సందే ఉంటుందమ్మా. మీ ముచ్చట అందులో పట్టదు."

చక్రాలు వచ్చాక, వెనకసీట్లో నలుగుర్ని కూర్చోబెట్టి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పించింది. ఎక్కడా రాసుకోలేదు. మధ్యాహ్నం మేస్త్రి రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

మర్నాడు ఒక వ్యాను డ్రైవరొచ్చి, "మేస్త్రిగారేరండీ?" అన్నాడు.

కారు కిందనుంచి బయటికి కనిపిస్తున్న భార్య పాదాల్ని చూపించి, ఆమె అడిగిన పానా వెతకడానికి లేచాడాయన.