మెట్ల మీద బల్బు

ఆ ఇంట్లో కరెంటుకి రెండు దారులు. ఒకటి మనుషులకి, ఒకటి గడియారానికి.

మనుషుల దారి పాతది. స్విచ్చు వేస్తే చిటపటమనేది, ఫ్యాను దయ కలిగినప్పుడు తిరిగేది, గోడలోని అతుకులన్నీ ఎప్పుడో టేపు చుట్టి వదిలేసినవి. గడియారం దారి రాజమార్గం. మెయిన్ బోర్డు నుంచి మేడ మీది గది దాకా లావుపాటి రాగి తీగ, మధ్యలో ఒక్క అతుకు లేకుండా. కరెంటు పోతే అందుకోవడానికి బల్ల కింద రెండు పెద్ద బ్యాటరీలు. నెలకోసారి ఆ ఇంటాయన స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రతి మరనూ కదిపి చూసి బిగించేవాడు. భార్య మోకాళ్ల సంగతి ఏ నెలలోనూ అంత శ్రద్ధగా కనుక్కున్న పాపాన పోలేదు. దీపం కింద చీకటి అంటారే, అది ఇదే.

ఆయన రేడియో స్టేషనులో ముప్పై ఏళ్లు టెక్నీషియనుగా చేసి రిటైరైనవాడు. వీధిలో అందరికీ సెకన్లాయన. ఆయన గడియారం గోడకి తగిలించేది కాదు. అగ్గిపెట్టంత రేకు డబ్బాలో ఒక స్ఫటికం ఉంటుంది. దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచాలి. అలా ఉంచితే అది సెకనుకి కోటిసార్లు, లెక్క తప్పకుండా కంపిస్తుంది. వేడి కాస్త మారినా, కరెంటు కాస్త తొణికినా లెక్క చెదురుతుంది. ఒక్కసారి ఆరిపోతే మళ్లీ కుదురుకోవడానికి నెల పడుతుంది. తొమ్మిదేళ్లుగా దాన్ని ఆరనివ్వలేదు ఆయన. పక్కనున్న మీటరు మీద ఆ లెక్క పది అంకెల్లో వెలుగుతుంటుంది. ఆయన ప్రాణమంతా ఆఖరి అంకెలో ఉండేది.

భార్య మాత్రం నవ్వేది. ఊళ్లో మగాళ్లు చిన్నిల్లు పక్క వీధిలో పెడతారు, మా ఆయన మేడ మీదే పెట్టాడని చుట్టాలకి చెప్పేది. సాయంత్రం ఐదింటికి టీ పట్టుకుని పైకి వస్తూ "మా సవతి కులాసాయేనా?" అని అడిగేది. ఆయన నవ్వేవాడు కాదు. తలుపు వెయ్యి, గాలి తగులుతుంది అనేవాడు.

ఆ మెట్లకి కిటికీ లేదు. మధ్యలో ఒక మలుపు. కరెంటు పోతే పట్టపగలు కూడా కళ్లు పొడుచుకున్నా కనబడదు. మీ బ్యాటరీల నుంచి ఒక్క చిన్న బల్బు మెట్ల మీదకి లాగండి అని ఆరేళ్ల కిందట మొదటిసారి అడిగింది. ఆయన కుదరదన్నాడు. బల్బు వేసినప్పుడల్లా, తీసినప్పుడల్లా బ్యాటరీ తొణుకుతుందని, ఆఖరి అంకె చెదురుతుందని వివరంగా చెప్పాడు. ఏడాదికోసారి ఆవిడ అడగడం, ఆయన అదే చెప్పడం. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తర్వాత ఆవిడ అడగడం మానేసింది.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. మీటరు మినుక్కుమనలేదు. బ్యాటరీలు అందుకున్న తీరు చూసి ఆయనకి ఒళ్లు పులకరించింది. పుస్తకం తీసి రాస్తున్నాడు: ఐదు గంటల పన్నెండు నిమిషాల నలభై సెకన్లు, కరెంటు పోయింది. అప్పుడే మెట్ల మీద గ్లాసు దొర్లిన చప్పుడు వినబడింది. వెనకే ఇంకేదో బరువైన చప్పుడు. ఆయన ఆ వాక్యం పూర్తి చేశాడు. గడియారం చలించలేదు అని రాసి, చుక్క పెట్టి, అప్పుడు లేచాడు. ఆ చుక్క ఆయన్ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక కూతురు తన ఇంటికి తీసుకెళ్లింది. నెల, రెండు నెలలు, నాలుగు నెలలయ్యాయి. కర్ర పట్టుకుని నడవొచ్చు, ఇంటికి పంపొచ్చు అన్నాడు డాక్టరు. ఆవిడ వస్తాననలేదు, రాననలేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసేది. కూతురు పక్క గదిలోకి వెళ్లిపోయేది. ఒంటరి ఇంట్లో ఆయన తనే టీ పెట్టుకుని, మేడ మీదకి తీసుకెళ్లడం మరిచిపోయి, చల్లారాక పారబోసేవాడు. ఆవిడ లేకుండా బతకడం తన వల్ల కాదని అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు బల్బు పెట్టాడు. బ్యాటరీల నుంచి వైరు లాగి, మలుపు దగ్గర హోల్డరు బిగించి, మెట్ల కింద స్విచ్చు పెట్టాడు. ఆవిడ వచ్చేసరికి వెలుగుతుండాలి. గడియారం ఏమైనా కానీ అనుకున్నాడు. అయినా అలవాటు పోతుందా? మధ్యాహ్నం మెట్లు దిగి స్విచ్చు వేసి, పైకెక్కి మీటరు చూశాడు.

ఆఖరి అంకె కదల్లేదు.

మళ్లీ దిగి తీశాడు, ఎక్కి చూశాడు. కదల్లేదు. గంట వేసి ఉంచాడు, గంట తీసి ఉంచాడు. ఉపగ్రహం నుంచి వచ్చే టైముతో సరిపోల్చాడు. మర్నాడు పెద్ద బల్బు పెట్టాడు. కదలవే, ఒక్కసారి కదలవే అని పళ్లు బిగించి గొణిగాడు. గడియారం తప్పాలని కోరుకోవడం జన్మలో అదే మొదటిసారి. మూడు రోజులు చూశాడు. అంత గట్టిగా వేశాడు వైరింగు. అలాంటి బల్బులు పది పెట్టినా తొణకదు. ఆరేళ్లలో ఒక్కసారి, అరగంట, పరీక్షించి చూసి ఉంటే చాలు. చూడలేదు. తనకి తెలుసనుకున్నాడు.

మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు.

ఆదివారం కూతురింటికి వెళ్లాడు. ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. పక్కన కుర్చీలో కూర్చుని, మెట్ల మీద బల్బు పెట్టానని, ఇంటికి రమ్మని చెప్పాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది.

"మరి ఆ ఆఖరి అంకె? కదిలిందా?"

తప్పు లెక్క ఎన్నడూ చెప్పని మనిషి. నిజం చెబితే, ఆ కాలు ఉత్తపుణ్యానికి పోయిందని ఆవిడకి చెప్పినట్టే. చివరికి చెప్పాడు.

"కదిలింది. కొంచెం."

ఆవిడ తల ఊపింది. ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నదానికి జవాబు దొరికినట్టు మొహం కాస్త తేటపడింది. చెయ్యి చాచి ఆయన మోకాలి మీద వేసింది.

"అయితే తీసెయ్యండి. తొమ్మిదేళ్ల కష్టం. నేనింక ఆ మెట్లు ఎక్కేదాన్ని కాదుగా, ఇక్కడే ఉంటాను."

ఆయన సరే అన్నాడు.