రెండు వరసల పూత

మా ఊరి కంచు గంట కొట్టేది నేనే. అది మోగితే మూడు రోజులు కట్టడి. తోటలో అడుగు పెట్టకూడదు, ఆకు తుంచకూడదు, పురుగునైనా చంపకూడదు. ఏ రోజు కొట్టాలో చెప్పేది ఆచారాల పెద్ద హస్బుల్లా. బంకా దీవి మొత్తంలో తనంత పుణ్యాత్ముడు లేడని ఆయన నమ్మకం.

ఆయన తమ్ముడు పోయాక మిరియాల తోట మరదలు రుకయా చేతికొచ్చింది. ఊరందరి ముందు ఒప్పందం జరిగింది. ఈ ఏడు పంట తీస్తే తోట ఆమెది, లేదంటే హస్బుల్లాది. పాదులన్నిటినీ ఒంటి చేత్తో సాకింది పాపం. విరగబూశాయి. పూతతో పాటు తీగల మీదికి ఒక రకం పురుగులూ దిగాయి. లేసు అల్లినట్టు రెక్కలు, భుజాల మీద ముళ్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, రసం పీల్చి పూకంకుల్ని నల్లగా మాడ్చేస్తాయి. పొద్దున్నే కింద గుడ్డ పరిచి దులిపి చంపాలి.

రుకయా రెండు వరసలు దులిపిందో లేదో, హస్బుల్లా మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్ జుర్కానీ, గంట కొట్టు."

"ఇవాళా? ఇంకా పది రోజులుంది కదయ్యా!"

"ఆచారం నువ్వు చెప్తావా నాకు? నా తోట నిన్ననే దులిపించేశా. కొట్టు."

కొట్టాను.

రుకయా పరుగున వచ్చింది. "బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటా. రేపొక్క పొద్దుట వదలండి."

"వెళ్లి దులుపుకో తల్లీ, ఎవరొద్దన్నారు? కట్టడి తప్పినవాళ్లకి ఊళ్లో చోటుండదు, అంతే" అని నవ్వాడు.

ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, గంట కొట్టింది నేనే.

మూడు రోజులూ ఆమె కంచె బయటే కూర్చుంది. నేను అన్నం, చేపల పులుసు తీసుకెళ్తే ముట్టలేదు. "అదిగో మామా, ఆ తీగ కూడా పోయింది" అంది.

నాలుగో రోజు ఊరంతా తోటలోకి వెళ్లాం. కంకులన్నీ నల్లగా మాడి రాలిపోయాయి. ఆమె దులిపిన రెండు వరసలు మాత్రం పచ్చగా నిలిచాయి.

"ఉంది బావగారూ! నా పంట ఉంది!" అని అరిచింది రుకయా.

హస్బుల్లా నా వైపు తిరిగాడు. "గంట కొట్టినవాడివి, సాక్షివి నువ్వే. రెండు వరసల్ని పంటంటారా?"

రుకయా నా కళ్లలోకి చూసింది. ఆమెకి నా మీద నమ్మకం ఉంది, ఛీ.

"అనరు" అన్నాను.

ఆ రెండు వరసలూ హస్బుల్లా నాకే ఇచ్చాడు. తీసుకున్నాను.