నిండు బండి

అంబాసిడర్ కింద గోనెపట్టా పరుచుకొని వెల్లకిలా పడుకున్న లక్ష్మీరాజం, పానా అంచు నుదుటికి తగలకుండా తల పక్కకు వంచి ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. బండి బయటికి అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మడమలు పగిలి, ఆ పగుళ్లలోకి గ్రీజు దిగి, ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని నలుపు. మస్కట్‌లోనూ చాలామందికి అతను ఆ కాళ్లతోనే తెలుసు. ముఖం చూసినవాళ్లు తక్కువ.

"గా నట్టు అరిగిపోతది తమ్మీ, ఇగ ఇడిచిపెట్టు," అన్నాడు గడప పక్కన మంచంలో ఉన్న అన్న రాజమల్లు.

"ఒక్క చుట్టన్నా. ఒక్కటే చుట్టు."

"పొద్దటి సంది గా ఒక్క చుట్టే తిప్పుతున్నవ్."

అరుగు మీద చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతున్న భూదేవి ఆ మాటకు నవ్వింది. రాజమల్లు భార్య ఆమె. నవ్వినా, ఏడ్చినా, వీధిలో జగడమైతే తొంగిచూసినా ఆమె వేళ్లు మాత్రం ఆగవు. కోరుట్లలో ఈ అద్దె ఇంటి పొయ్యి వెలిగేది ఆ వేళ్ల మీదనే.

ఆ బండి ఒకప్పుడు జగిత్యాలకూ సిరిసిల్లకూ కిరాయికి తిరిగి తిరిగి అలిసి, చివరికి ఒక హోటల్ వెనక సొరతీగకు పందిరై కూర్చుంది. లక్ష్మీరాజం వెళ్లి అడిగితే, కాయలు తెంపుకున్నాక తీసుకుపొమ్మన్నాడు హోటలాయన. తీసుకొచ్చి ఇంటి ముందు పెట్టి, చలికాలమంతా ఇంజను విప్పి కట్టాడు. తర్వాత అడుగు రేకులు అతికాడు. ఇప్పుడు కమాన్లు వేస్తున్నాడు. వెనక చక్రాల మీద బండి బరువును మోసే వంపు ఇనుప పట్టీలవి. జగిత్యాల దుకాణంలో ఏరి ఏరి బలమైన జత తెచ్చాడు. కంపెనీవి కావు, బయట తయారైనవి. మందం ఎక్కువ, ఒక పట్టీ కూడా ఎక్కువే. "ఇవి లోడు బండ్లకు ఏస్తరే," అని దుకాణంవాడు చెప్పినా వినలేదు. "నాకు గవే కావాలె," అన్నాడు. మస్కట్ గ్యారేజీలో అతను అరబ్బుల పికప్ బండ్లకు వేసినవి ఇలాంటివే. ఎడారిలో తిరిగొచ్చి వాళ్లు, బండి పరుపులాగా మెత్తగా పోయిందని అతని భుజం తట్టేవాళ్లు. ఆ మాట నమ్మి, అదే మెత్తదనం అన్నకు ఇవ్వాలనుకున్నాడు.

రాజమల్లు గీత కార్మికుడు. రుద్రంగి పక్కనున్న ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే తమ్ముణ్ని పెంచిందీ, విమానం ఎక్కించిందీ ఆ చెట్ల మీది కష్టంతోనే. ఒక మంచు పొద్దున చెట్టెక్కే మోకుతాడు జారి కిందపడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది, నడుము పైన మాత్రం నొప్పి మిగిలింది. ఊరు వదిలి, ఆస్పత్రికీ బీడీల పనికీ దగ్గరని కోరుట్ల వచ్చి పడ్డారు మొగుడూ పెళ్లాలు.

అప్పుడు లక్ష్మీరాజం రాలేకపోయాడు. కొట్టే యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా గ్యారేజీలో దాక్కొని పనిచేస్తున్నాడు. అలాంటివాణ్ని అక్కడి మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. ఫోన్లో భూదేవి ఏడుస్తుంటే రాజమల్లు ఫోన్ తీసుకొని, "నువ్వు బయటికెళ్లకు, పోలీసులు పడ్తరు. నాకు మంచిగనే ఉన్నది," అన్నాడు. మంచిగనే ఉన్నదన్న ఆ మాట లక్ష్మీరాజాన్ని ఏళ్ల తరబడి నిద్రపోనివ్వలేదు. పెళ్లీడు కూడా ఆ గ్యారేజీ రేకుల కిందే దాటిపోయింది. చివరికి ఆ దేశం క్షమాభిక్ష ప్రకటిస్తే, కట్టుబట్టలతో ఇల్లు చేరాడు.

వచ్చిన కొత్తలో అన్న ఒకే ఒక్కటి అడిగాడు. "తమ్మీ, ఒక్కసారి మన తాటివనం చూపెట్టు." ఆటోలో తీసుకెళ్లారు. సగం దారిలో వాగు వంతెన దగ్గర ఆటో గుంతలో పడి లేచింది. రాజమల్లు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు, అయినా అరుపు ఆగలేదు. అక్కణ్నుంచే వెనక్కి తిప్పారు. ఆ తర్వాత అతను మళ్లీ అడగలేదు. అడగకపోవడమే లక్ష్మీరాజానికి ఎక్కువ కష్టమనిపించింది.

"అయిపోయిందన్నా," అంటూ బండి కిందనుంచి బయటికి జరిగాడు. వీధిలో ఆటో నడిపే మహిపాల్ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. లక్ష్మీరాజానికి బండి విప్పడం, కట్టడం వచ్చు గానీ నడపడం రాదు. ఇద్దరూ కలిసి రాజమల్లును బొంతతో సహా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టారు. బండి కదిలింది. సందు మలుపులో మోరీ కాలువ మీది బిళ్లను ఎక్కి దిగిందో లేదో వెనక భాగం ఎగిరిపడింది. రాజమల్లు అరిచిన అరుపుకు భూదేవి చేతిలో బీడీ చిరిగింది.

మహిపాల్ బండిని మెల్లగా వెనక్కి తెచ్చి ఆపాడు. "గిదేం కమానే రాజం? రాయి మీద కూసున్నట్టున్నది!"

లక్ష్మీరాజం నేల మీద కూలబడ్డాడు. ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది, సిగ్గుతో చెవులు కాలాయి. అన్నేళ్లలో తాను కమాన్లు వేసిన బండ్లలో ఒక్కదానిలోనూ అతను కూర్చోలేదు. రోడ్డెక్కితే పోలీసులు. నట్టు బిగించి, చేతులు తుడుచుకొని, గేటు వెనకే నిలబడేవాడు. నీళ్ల డ్రమ్ములూ డేరాలూ గొర్రెలూ నింపుకొని ఆ బండ్లు ఎక్కడికో పోయేవి. ఖాళీగా పోతే ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"పోనీతియ్యి తమ్మీ," అన్నాడు రాజమల్లు, ముఖమంతా చెమటతో. "నేను మంచిగనే ఉన్న."

మళ్లీ అదే మాట.

అరుపు విని ఎదురింటి పోచవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆమె పరుగెత్తిందంటే విషయం పెద్దదే, మామూలుగా నాలుగడుగులకు ఒకచోట ఆగి ఊపిరి తీసుకునే భారీ మనిషి. "అయ్యో కొడుకా," అంటూ బండెక్కి రాజమల్లు పక్కన కూర్చొని వీపు నిమరసాగింది. కిర్రుమని బండి వెనక భాగం కిందికి దిగింది. నేల మీద కూర్చున్న లక్ష్మీరాజం కళ్లకు చక్రమూ మడ్‌గార్డూ సూటిగా ఎదురుగా ఉన్నాయి. వంపు కమాను ఆమె బరువుకు సాగడం చూశాడు.

"పోచవ్వా, దిగకు!"

"ఏందిరా? నేనేం జేసిన?"

"నువ్వు దిగకు. నీ బరువే కావాలె నాకు."

"నా పెండ్లి కాంచి గా మాట ఎవ్వలన్లే," అంది పోచవ్వ.

భూదేవిని రెండోవైపు ఎక్కించారు. డిక్కీలో బియ్యం సంచులు పెట్టారు. చాలదని పోచవ్వ ఇంట్లోని రోలు దొర్లించుకొచ్చి ఎత్తారు. బండి నిండుగా కుదురుకున్నాక లక్ష్మీరాజం మళ్లీ కిందికి దూరి, ఖాళీగా ఉన్నప్పుడు బిగించిన బోల్టులన్నీ వదులుచేసి, ఆ బరువులోనే తిరిగి బిగించాడు. "ఎవ్వలు కదలకుండ్రి," అని కిందనుంచి అరిచాడు.

"ఊపిరన్న తీసుకోవచ్చునా?" అంది పైనుంచి పోచవ్వ. రాజమల్లు నవ్వాడు. అడుగు రేకు మీదుగా ఆ నవ్వు లక్ష్మీరాజానికి వినిపించింది. ఇల్లు చేరినప్పటినుంచీ వినని నవ్వు. పానా నట్టు మీదే ఉంచి, నల్లటి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా మసైంది, అయినా ప్రాణం తేలికపడింది.

రోడ్డెక్కాక లక్ష్మీరాజం ముందు సీట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తాను కట్టిన బండిలో ప్రయాణం చేయడం అతనికి ఇదే మొదలు. గుంత వచ్చినప్పుడల్లా బండి ఒకసారి వంగి, నెమ్మదిగా లేస్తోంది. కథలాపూర్ దాటింది. ఎండ పల్చబడింది.

"వంతెన ఎప్పుడొస్తది?" అన్నాడు రాజమల్లు, చేతిలో తువ్వాలు పిడికిట పట్టుకొని.

"దాటినమన్నా. ఇందాకనే."

రాజమల్లు పిడికిలి వదిలాడు. తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

వనంలో బండిని సరాసరి చెట్ల మధ్యకు పోనిచ్చారు. ఇప్పుడు ఆ తాళ్లు గీస్తున్న బక్కయ్య పరుగున వచ్చి, రాజమల్లు చేతులు పట్టుకున్నాడు. భూదేవి దిగి భర్తను తలుపు దాకా జరిపింది. తలుపు పక్కనే ఒక తాడి. రాజమల్లు చెయ్యి చాచి దాని గరుకు మొద్దును నిమిరాడు.

"గిదే కదనే నిన్ను పడేసింది?" అన్నాడు మహిపాల్.

"మోకు జారింది. చెట్టేం జేస్తది పాపం." చెయ్యి తియ్యలేదు. "మంచిగ పెరిగింది."

బక్కయ్య చెట్టెక్కి మాపటి కల్లు దించాడు. రాజమల్లు ముందుగా గీతగాళ్ల దేవుడు కాటమయ్యకని నాలుగు చుక్కలు మొద్దు దగ్గర సాక పోసి, తర్వాత తాటాకు రేకలో తాగాడు. తలెత్తి మట్టలను చూస్తూ కూర్చున్నాడు. ఎక్కలేనందుకు ఏడుస్తాడేమోనని లక్ష్మీరాజం భయపడ్డాడు గానీ, పండుగనాటి పిల్లవాడి సంతోషం తప్ప ఆ ముఖంలో ఇంకేమీ లేదు. బయలుదేరేటప్పుడు బక్కయ్య మట్టి లొట్టిలో సగానికి కల్లు పోసి ఇంటికని ఇచ్చాడు. భూదేవి దాని చుట్టూ తువ్వాలు చుట్టి, భర్త తొడల మధ్య ఒదిగించింది. అతను రెండు చేతులూ దాని చుట్టూ వేసుకున్నాడు.

కొంతదూరం వచ్చాక, "తమ్మీ," అన్నాడు రాజమల్లు.

"ఆఁ అన్నా."

"మంచిగ కట్టినవ్‌రా బండి."

లక్ష్మీరాజం ముందున్న రోడ్డునే చూస్తూ, కింద కమాన్లు చేసే చిన్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఇంత సుఖంగా అతను జీవితంలో ఎప్పుడూ లేడు.

వంతెన దాటాక భూదేవి మెల్లగా అంది, "నిద్రపోయిండు. జర మెల్లగ పోనియ్యి." రాజమల్లు తల ఆమె భుజం మీద ఉంది. నొప్పికి లేవకుండా అతను నిద్రపోవడం ఆమె చూసి చాలాకాలమైంది. పోచవ్వ వాలిన ఎండ అతని మీద పడకుండా కొంగు అడ్డంపెట్టింది. మహిపాల్ వేగం తగ్గించాడు.

ఇంటి ముందు ఆగాక లక్ష్మీరాజం దిగి వెనక తలుపు తీశాడు. "అన్నా," అని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. మళ్లీ పిలిచాడు. భూదేవి ముఖం చూశాడు. ఆమె కళ్లలో నీళ్లు ఎప్పటినుంచి కారుతున్నాయో, ఆమెకు ఎప్పుడు తెలిసిందో అతను అడగలేదు.

"వంతెన కాడ ఒక్కసారి నా చెయ్యి పట్టిండు," అంది భూదేవి. "నొచ్చి కాదు. ఉట్టిగనే పట్టిండు."

పోచవ్వ "కొడుకా" అంటూ దిగబోయింది.

"జర ఆగు పోచవ్వా," అన్నాడు లక్ష్మీరాజం. "నువ్వు దిగితే బండి ఎగుర్తది."

ఆమె అలాగే కూర్చుండిపోయింది. రాజమల్లు చేతుల మధ్య లొట్టిలో కల్లు ఇంకా సన్నగా పొంగుతోంది. చుట్టూ చుట్టిన తువ్వాలు మీద ఒక్క తడి మరక లేదు.