పెద్దమ్మ మాత్రలు

పెళ్లై పదహారు రోజులైనా, గాజులు గలగలమన్నప్పుడల్లా ప్రసన్నలక్ష్మికి నవ్వొచ్చేది. ఆ ఆదివారం భర్త అవినాష్ బండి వెనక కూర్చుని ఉద్దానం తోటల మీదుగా వెళుతుంటే, జీడిపళ్ల వాసనకే సగం కడుపు నిండిపోయింది. అవినాష్ పెద్దమ్మ ఇంట్లో భోజనం. పెళ్లికి రాలేకపోయిన ఆవిడకు కొత్త కోడలిని చూడాలని ఉందట.

కాళ్లకు దండం పెట్టి తలెత్తితే, ఎదురుగా వరహాలమ్మ.

టెక్కలి ఆస్పత్రిలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ప్రసన్నలక్ష్మి కౌన్సెలర్. రెండేళ్లుగా నెలనెలా ఆమె ముందు కూర్చుని ఏడ్చి వెళ్లే మనిషి ఈవిడే. పలాస ఆస్పత్రి దగ్గరైనా తెలిసినవాళ్లు చూస్తారని టెక్కలి వచ్చేది. ఇంట్లో కిడ్నీ మాత్రలని చెప్పేది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు.

"సల్లగుండమ్మా. నిన్ను సూడ్డం ఇదే మొదలు," అంది వరహాలమ్మ.

"అవునత్తయ్యా, ఇదే మొదలు."

భోజనాల దగ్గర అవినాష్‌కి హుషారు పుట్టింది. "పెద్దమ్మా, ఇంక నీకు బస్సు బాధ నేదు. నీ కోడలు ఆ ఆస్పత్రిలోనే కదేటి! చీటీ నాకిచ్చీ. మాత్రలు తనే తెచ్చెత్తాది."

వరహాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. చీటీ ఇస్తే గుట్టు పోతుంది, ఇవ్వకపోతే ఎందుకని అడుగుతారు. ఆమె ఏం చెప్పేలోగానే ప్రసన్నలక్ష్మి అందుకుంది.

"నా వల్ల కాదు. నా పనే నాకు సరిపోతోంది. ఇంటిల్లిపాది మందులూ నేను మొయ్యలేను."

ముందే వచ్చి ఉన్న అత్తగారు, అవినాష్ తల్లి, పులుసు కలుపుకుంటూ, "ఉజ్జోగం సేత్తన్న కోడలు కదేటి, మనమేటి కనబడతాం," అంది.

తిరుగుదారిలో అవినాష్, "నన్ను ఎత్తుకుని పెంచింది ప్రసన్నా ఆవిడ. ఆమాత్రం సెయ్యలేవేటి?" అన్నాడు. ప్రసన్నలక్ష్మి అతని వీపుకి తల ఆనించబోయి ఊరుకుంది. చేతికి గాజులు మాత్రం గలగలమంటూనే ఉన్నాయి.

మాత్రల రోజున పదకొండు దాటినా వరహాలమ్మ రాలేదు. మందు మానేసిందా? ఫోన్ తీసి, మళ్లీ పక్కన పెట్టింది. ఆ నంబరుకు చేస్తే ఇంట్లో ఎవరైనా ఎత్తుతారు.

పన్నెండింటికి తెలిసిన చెప్పుల చప్పుడు. ప్రసన్నలక్ష్మి గబగబా ఎదుటి కుర్చీ సర్దింది. వరహాలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మీ, నాను పక్కగదిలో ఆ రెండో మేడమ్ సీతారత్నంగారి కాడ కూకుంటాను. నువ్విప్పుడు మా ఇంటి పిల్లవి. నీ ముందు ఏడవనేను."

"అలాగే అత్తయ్యా. మందు మాత్రం మానకండి."

"మాన్ను."

పక్కగది తలుపు మూసుకుంది. కాసేపటికి గోడ అవతల సన్నగా ఏడుపు మొదలైంది. ప్రసన్నలక్ష్మి లేచి, అది తనకు వినబడకుండా ఫ్యాను పెంచింది.